తెల్ల తీగ, ఎర్ర తీగ

మూడు రోజులుగా నేమత్ ముఖం ఇంట్లో ఎవరికీ సరిగ్గా కనిపించలేదు. టీవీకీ గోడకీ మధ్య సందులో దూరి మోకాళ్ల మీద ఉన్నాడు. టీ తెచ్చినవాళ్లు ఆ సంగతి అతని మడమలకే చెప్పి, గిన్నె అక్కడ పెట్టి పోతున్నారు. మామూలుగా అయితే ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతం చేసే మనిషి కాదు. మర్గిలాన్ పట్టణంలో పట్టు మిల్లువాళ్ల సినిమా హాల్లో ముప్పై ఏళ్లు రీళ్లు తిప్పినవాడు. హాలు మూతపడ్డ రోజున తక్కినవాళ్లంతా కుర్చీలు, ఫ్యాన్లు పట్టుకుపోతే, ఇతను మాత్రం బీరువాలంతేసి స్పీకర్లు రెండూ వాటి యాంప్లిఫయరూ గాడిద బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచీ అవి వాకిట్లో ద్రాక్ష పందిరి కింద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని నిలబడి ఉన్నాయి. వాటి మీద అతని భార్య ఇనోబత్ మిరపకాయలు ఎండబెట్టుకునేది. భర్త తెచ్చిన వస్తువుల్లో ఏదో ఒక పనికొచ్చినవి ఇవే అనేది.

ఇప్పుడు వాటికి అసలు పని పడింది. నేమత్ అక్క తుర్గునాయ్ ఈ ఇంటి గడప తొక్కి పదిహేను నెలలైంది.

గొడవంతా నేమత్ కొడుకు అస్రోర్ పెళ్లి మర్నాడు మొదలైంది. ఆ పొద్దున ముసుగేసిన కొత్త కోడలిని వాకిట్లో నిలబెడతారు. సలాం పాడే ఆవిడ పక్కన నిలబడి, మగపెళ్లివారి పెద్దల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పాటలో పిలుస్తుంది. పిలిచిన ప్రతి పేరుకీ కోడలు నడుం వంచి సలాం చేస్తుంది. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్న దగ్గరే ఆ పేటలో అన్నదమ్ములు విడిపోయారు. అలాంటిది అసలు పేరే పిలవకపోతే? పిలవలేదని తుర్గునాయ్ అంటుంది. నా చేత్తో నేనే రాసిచ్చిన పట్టీలో మూడో పేరు ఆవిడదేనని ఇనోబత్ అంటుంది. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఇది మరదలు కావాలని చేసిన పనేనని తీర్మానించి, తుర్గునాయ్ ఆ రోజే చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఇన్నాళ్లకి కోడలికి మగపిల్లవాడు పుట్టాడు. నలభై రోజులు నిండాయి. ఆదివారం ఉయ్యాల పండుగ. కోడలి పుట్టింటివాళ్లు రంగులేసిన చెక్క ఉయ్యాల మోసుకొస్తారు. బిడ్డను అందులో మొట్టమొదటిసారి పడుకోబెట్టి, గుడ్డ పట్టీలతో కట్టి, చెవిలో మంచిమాట చెప్పాల్సింది ఇంటికి పెద్ద ఆడమనిషి. నేమత్ తల్లి ఎప్పుడో పోయింది. ఇక ఉన్నది తుర్గునాయ్ ఒక్కతే. ఆవిడ ఉండగా ఇంకొకరు కట్టారంటే ఆ ముచ్చట ఆ బిడ్డ పెళ్లి దాకా పేటలో నడుస్తుంది. అయినా నేమత్ బాధ పేట గురించి కాదు. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. తల దువ్వి, బూట్లు తొడిగి బడికి పంపింది ఆ అక్కే. అక్క లేకుండా జరిగే పండుగ అతనికి పండుగే కాదు.

మూడుసార్లు వెళ్లి బతిమాలాడు. మూడోసారి తుర్గునాయ్ గేటు దాకా వచ్చి, గేటు తియ్యకుండానే మాట్లాడింది.

“నా పేరు పిలిచారంటున్నావుగా. నా చెవులతో నన్ను విననీ. విన్న రోజున వస్తాను. లేదా, ఆ ఉయ్యాలేదో నీ పెళ్లాన్నే కట్టుకోమను.”

ఆవిడ అడిగింది న్యాయమే. పెళ్లి మొత్తం వీడియో తీయించారు, డిస్కు ఇంట్లోనే ఉంది. నేమత్ అదే రోజు డిస్కు పెట్టి చూశాడు. నిరుడు అస్రోర్ కొన్న టీవీ పలకలా పల్చగా ఉంటుంది. పల్చనైతే పల్చనైంది, దాని గొంతు కూడా పల్చనే. పాట, డప్పులు, పళ్లేల చప్పుడు, పిల్లల ఏడుపు అన్నీ కలిసి, డబ్బాలో పడ్డ తేనెటీగలా జుయ్యిమంటున్నాయి. మూడో పేరు దగ్గర కోడలు వంగడం కనిపిస్తోంది. ఎవరి పేరుకి వంగిందో మాత్రం ఆ దేవుడికే తెలియాలి. శబ్దం లోపల ఉంది, బయటికి దారి లేదంతే అని నేమత్ తేల్చేశాడు. ఆ దారి పందిరి కింద మిరపకాయల కింద ఉందన్నాడు.

కానీ ఆ స్పీకర్ల తీగల చివర ఉన్న మూతులు బొటనవేలంత లావు. టీవీ వెనక కన్నాలన్నీ చీమలు దూరేంతవి. ఒక్క నలుచదరపు కన్నంలో మాత్రం ఎర్రటి వెలుగు కనిపించింది. శబ్దం ఇందులోంచే పోతుందని, పనికి వేరే ఊరెళ్లిన అస్రోర్ ఫోన్‌లో చెప్పడంతో, నేమత్ దానికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

“వెలుగు ఏమంటోంది అస్రోర్ నాన్నా?” అని అడిగింది ఇనోబత్.

నేమత్ లేచి బజారుకు వెళ్లాడు. అక్కడ కొట్టువాడు, ఈ కాలంలో తీగలెందుకు తాతా అని, మాటను గాల్లోంచి పంపే డబ్బీ ఒకటి చేతిలో పెట్టాడు. తాత అన్న మాట నేమత్‌కు నచ్చలేదు గానీ డబ్బీ నచ్చింది. ఇంటికొచ్చి దాన్ని యాంప్లిఫయర్‌కు తగిలిస్తే స్పీకర్లు నిజంగానే పలికాయి. ఇరవై ఏళ్లు నోరు కట్టుకున్నవి ఒక్కసారి తెరిచేసరికి పందిరిలో పిచ్చుకలు లేచిపోయాయి, పక్కింటి కోడి గుడ్లు పెట్టడం రెండు రోజులు మానేసింది. నేమత్ ఛాతీ ఉబ్బింది. అది కాసేపే.

శబ్దం ఆలస్యంగా వస్తోంది. ఎంతో కాదు, ఓ గుక్క టీ తాగినంత. కానీ ఆ గుక్కలోనే కొంప మునిగింది. తెర మీద కోడలు ముందు వంగుతోంది, నిటారుగా నిలబడుతోంది, ఆ తర్వాత పేరు వినబడుతోంది. మొదటి పేరుకి వంగిన వంగుడు ఎవరికీ కాకుండా పోతోంది. మూడో పేరు గాల్లో ఈదుకుంటూ వచ్చేసరికి పిల్ల కర్రలా నిలబడి ముసుగు సర్దుకుంటోంది. ఇది గనక వదినకి చూపిస్తే, పేరు పిలిచినా కోడలు వంగలేదని ఇంకో పదిహేను నెలలు అలుగుతుందని ఇనోబత్ లెక్క చెప్పింది. ఆవిడ చెప్పింది నిజం కావడమే నేమత్‌కు ఎక్కువ కష్టమనిపించింది. పెద్ద హాల్లో వెనక వరుసకి మాట ఆలస్యంగా చేరుతుందన్నది అతనికి తెలిసిన శాస్త్రం. కాబట్టి స్పీకర్లను టీవీ దగ్గరికి జరిపాడు. ఒక్కోటీ ఒక్కో గుర్రమంత బరువు. గుమ్మం దాకా ఈడ్చాడు, ఆలస్యం అంతే ఉంది. కిటికీలోకి ఎక్కించాడు, అంతే ఉంది. నడుం పట్టేసి, అతను కూడా కోడలిలాగే వంగిపోయాడు.

ఇంత జరుగుతున్నా ఇంట్లో ఒక మనిషికి ఏం చెయ్యాలో మొదటి రోజు నుంచీ తెలుసు. కోడలు జుల్ఖుమార్ పుట్టిల్లు ఎక్కడో దూరాన, ఖోకంద్ ఊరి అవతల. పెళ్లికి ముందు ఆమె మేనమామకి టీవీలు బాగుచేసే కొట్టుంటే, అందులో కూర్చుని సగం పని తనే చేసేది. కానీ పదిహేను నెలల కోడలు మావగారి దగ్గరికెళ్లి మీరు చేసేది తప్పని చెప్పడమంటే, చెప్పులు వేసుకుని మసీదులోకి వెళ్లడమే. కోడలు పొద్దున్నే అందరికంటే ముందు లేవాలి, వీధి ఊడవాలి, అడిగిన మాటకు జవాబివ్వాలి. అడగని మాట ఆమె దగ్గర ఉండకూడదు. మంగళవారం మధ్యాహ్నం టీ పట్టుకొచ్చి, మావగారి మడమల దగ్గర నిలబడి ఆమె నెమ్మదిగా అంది.

“మావయ్యా, బొమ్మకీ మాటకీ దారులు వేరు చెయ్యాలని మీరు నిన్న అన్నారు కదా. బొమ్మని టీవీకి పోనిచ్చి, మాటని మాత్రం డిస్కు పెట్టె దగ్గరే పట్టుకోవాలని. ఆ పెట్టె వెనక తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి కన్నాలున్నాయన్నారు. పాత తీగలకి మూతి మారిస్తే అందులో సరిపోతాయని కూడా అన్నారు.”

నేమత్ నిన్న అన్నవి రెండే మాటలు. అవి పిల్లల ముందు చెప్పేవి కావు. సందులోంచి తల బయటపెట్టి, “అన్నానా?” అన్నాడు.

“అన్నారు మావయ్యా.”

కాస్త ఆలోచించి, “అన్నాను,” అన్నాడు. ఆ క్షణం నుంచి చచ్చేదాకా ఆ ఉపాయం తనదేనని అతను నిజంగానే నమ్మాడు.

ఆ సాయంత్రానికి తీగలు సిద్ధమయ్యాయి. తెల్ల తీగ గేటు పక్కకు జరిపిన స్పీకర్‌కు, ఎర్ర తీగ మళ్లీ పందిరి కిందికి చేర్చిన స్పీకర్‌కు పోయింది. డిస్కు తిరిగింది. గేటు పక్క నుంచి సలాం పాడే ఆవిడ గొంతు, మనిషే వచ్చి నిలబడ్డంత స్పష్టంగా పలికింది. పందిరి కింద నుంచి మాత్రం పాట లేదు. పళ్లేలు, దగ్గులు, ఎవరో పిల్లాడి ఏడుపు, ఆడవాళ్ల ముచ్చట్లు. వీడియో తీసినవాడు పాటావిడ మైకుని ఒక దారిలో, కెమెరా చెవికి దొరికిందంతా రెండో దారిలో పట్టాడన్నమాట. టీవీ ఆ రెంటినీ ఒకే గిన్నెలో పోసి కలిపేసింది. తీరా మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి, తెల్ల తీగలోంచి ‘పెద్ద మేనత్త తుర్గునాయ్‌కు సలాం’ అని నిండుగా వినబడింది. తెర మీద కోడలు సరిగ్గా అప్పుడే వంగింది. నేమత్‌కు కళ్లు చెమర్చాయి.

అదే సమయానికి పందిరి కింద నుంచి తుర్గునాయ్ గొంతు కూడా వచ్చింది. కెమెరా పక్కనే కూర్చుని, పొరుగింటి మస్తూరాతో ఆగకుండా మాట్లాడుతోంది. నిన్నటి పలావులో క్యారెట్ కోసం దీపం పెట్టి వెతకాల్సి వచ్చిందంటోంది. బియ్యం గంజైందంటోంది. తన పేరు వచ్చింది, పోయింది. ఆవిడ మాట మాంసం ముక్కల దాకా వెళ్లింది. నేమత్ గబుక్కున ఆపేశాడు.

అప్పటికే ఇనోబత్ విన్నది. పదిహేను నెలలు చెయ్యని తప్పు మోసిన మనిషి ఆవిడ. పెళ్లిళ్లలో, చావుల్లో, రొట్టెల కొట్టు దగ్గర, ఆడబిడ్డ పేరు మింగేసిన మరదలని అనిపించుకుంది. రెండు తీగలూ పెట్టి, పేట మొత్తాన్ని పిలిచి, గేటు బార్లా తెరవాలంది. నేమత్ ఒప్పుకోలేదు. తెల్లది చాలు, పేరు వినిపిస్తే పని అయిపోతుంది, అక్కను నలుగురిలో ఓడించి ఇంటికి తెచ్చుకోలేనని చెప్పాడు. ఇనోబత్ ఏమీ అనలేదు. పెళ్లై ముప్పై రెండేళ్లైనా, భార్య ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం కాదని నేమత్‌కు ఇంకా తెలియలేదు.

బుధవారం మధ్యాహ్నం తుర్గునాయ్ వచ్చింది. సాక్ష్యానికి మస్తూరాను వెంటబెట్టుకొచ్చింది. పరుపులు పరిచిన అరుగు ఎక్కమంటే ఎక్కలేదు. గేటు పక్కన స్టూలు వేయించుకుని, ఇది ఇంట్లోకి వచ్చినట్టు కాదని అందరికీ తెలిసేలా కూర్చుంది. టీవీని కిటికీలోకి తిప్పి పెట్టారు. ఎర్ర తీగ ఊడదీసి పెట్టె పక్కన పడేసి ఉంది. నేమత్ మీట నొక్కాడు. మొదటి పేరు, రెండో పేరు, ఆ తర్వాత తుర్గునాయ్ పేరు, దాని వెనకే వంగుడు. పేట చివర రొట్టెలు కాల్చేవాడికి కూడా వినబడి ఉంటుంది.

తుర్గునాయ్ ముఖంలో ఏమీ కదలలేదు. మళ్లీ వెయ్యమంది. వేశాడు. ఇంకోసారి అంది. ఇంకోసారి వేశాడు. అప్పుడు ఆవిడ తలగుడ్డ సర్దుకుని తీర్పు చెప్పింది.

“ఇది తర్వాత అతికించారు. ఈ రోజుల్లో పోయినవాళ్ల చేత కూడా మాట్లాడిస్తున్నారు, ఒక పేరు అతికించడం ఎంతసేపు? నిజంగా పిలిచుంటే, మూడడుగుల్లో కూర్చున్నదాన్ని, నాకు వినబడదట్రా? నాకేమన్నా చెవుడా?”

ఆవిడ అడిగినదానికి జవాబు నేల మీద పడి ఉంది, ఎర్రటి మూతితో. దాన్ని చూడకుండా ఉండాలని నేమత్ చూశాడు. ఇనోబత్ వంగి దాన్ని తీసుకుంది.

“మీ చెవులు నిక్షేపంలా ఉన్నాయి వదినా. అప్పుడు మీ నోరు ఏం చేస్తోందో కూడా వినండి,” అని కన్నంలోకి తోసింది.

పందిరి కింద స్పీకర్ నోరు తెరిచింది. క్యారెట్ లేని పలావు, గంజి బియ్యం, పొద్దుతిరుగుడు నూనె వాసన, అన్నీ వరసగా బయటికొచ్చాయి. గేటు పక్క నుంచి పాటావిడ తుర్గునాయ్ పేరు గొంతెత్తి పిలిచింది. పందిరి కింద నుంచి తుర్గునాయ్, ఎముకలు ముందే ఎవరో నాకేశారా అని మస్తూరాని అడుగుతోంది. ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా తమ దారిన తాము పోయారు. మస్తూరా తన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చుంది. గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. తుర్గునాయ్ మెడ దాకా ఎర్రబడింది. నేమత్‌కు ఎక్కడైనా గొయ్యి ఉంటే బాగుండుననిపించింది. ఇంకేముంది, అక్క ఈ జన్మకి రాదు.

ఇనోబత్ అక్కడితో తీగ లాగేసి ఉంటే సరిపోయేది. కానీ గెలిచినవాళ్లకి ఎక్కడ ఆగాలో తెలియదు. నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంకా వినండన్నట్టు నిలబడింది. ముందురోజు సాయంత్రం నేమత్ ఆపేసిన చోటు దాటి, అంతవరకు ఎవరూ వినని ముక్కలోకి డిస్కు వెళ్లింది.

“పిల్ల మాత్రం బంగారం మస్తూరా,” అంటోంది పందిరి కింద తుర్గునాయ్. గొంతు మారింది, తగ్గింది. “చూడు ఎలా వంగుతోందో, మనసు పెట్టి. పుట్టింటికి అంత దూరం. ఇనోబత్ చేతిలో పడితే ఏడాది తిరక్కుండా డాబా మీద ఖుబానీ పండులా ఎండబెట్టేస్తుంది. నేను చూస్తూ ఊరుకుంటానా? ప్రతి గురువారం వస్తాను. ఏదో వంక చెప్పుకుని వచ్చి కూర్చుంటాను. దీనికంటూ ఇక్కడ ఒక మనిషి ఉండాలి కదా.”

ఆ తర్వాత డప్పులు మొదలయ్యాయి. ఇనోబత్ ఇప్పుడు తీగ లాగింది. లాగిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు.

జుల్ఖుమార్ టీ కూజా పట్టుకుని అరుగు పక్కన నిలబడి ఉంది. పెద్దల గిన్నెలు ఖాళీ అయ్యాయేమో చూసి నింపడమే అక్కడ ఆమె పని. ఆమె కూజా కింద పెట్టింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, ఎవరూ అడగని మాట, ఇంకెవరో అన్నారని చెప్పని మాట, ఒకటి అంది.

“మరి రాలేదేం పెద్దమ్మా?”

నేమత్ కోడలి వంక చూశాడు. వేవిళ్లతో నాలుగు నెలలు ఏమీ తినలేక గోడకి ఆనుకుని కూర్చునేది. కాన్పు కష్టమైన రోజున ఆసుపత్రి వరండాలో ఎవరిని పిలవాలమ్మా అని అడిగితే, ఎవరూ వద్దు మావయ్యా అంది. ఇన్నాళ్లూ తన పేరు పోయిందని అక్కా, పిలిపించానని భార్యా, వినిపిస్తానని తనూ పోట్లాడుకున్నారు. వంగిన పిల్లను ఒక్కరూ అడగలేదు. అతనికి సిగ్గనిపించింది.

“పేరు పిలవలేదనుకున్నాను తల్లీ,” అంది తుర్గునాయ్.

“నేను మీకు వంగాను పెద్దమ్మా. నాకు గుర్తుంది.”

తుర్గునాయ్ తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది. మస్తూరా లేవబోయి, మళ్లీ కూర్చుంది.

“రేపు గురువారం,” అంది జుల్ఖుమార్.

“రేపటిదాకా దేనికి?” అని తుర్గునాయ్ స్టూలు మీంచి లేచింది. తమ్ముడి వంక చూడలేదు, మరదలి వంక అసలే చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, బిడ్డ ఏ గదిలో పడుకున్నాడని కోడలిని అడిగి, ఆమె వెనక లోపలికి వెళ్లింది.